పసితనంలో బాప్తిస్మం పొందినవారు మళ్లీ నీటిలోకి దిగాలా?

గుంటూరు సహోదరి:
అందరికీ వందనాలు. మాది లూథరన్ కుటుంబం. నాకు మూడు నెలల వయసులో చిలకరింపు బాప్తిస్మం ఇచ్చారు. పదహారో ఏట కన్ఫర్మేషన్ (బాప్తిస్మపు ప్రమాణాన్ని స్వయంగా ఒప్పుకునే ఆరాధన) అయింది. పెళ్లయి మా వారి సంఘానికి వచ్చాక, ముంచుడు బాప్తిస్మం పొందితే తప్ప ప్రభు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో) పాలుపొందే వీలు లేదని పెద్దలు అంటున్నారు. మళ్లీ పొందితే, నన్ను ఎత్తుకొని సంఘం ముందు నిలబడి అమ్మ చేసిన ప్రమాణాన్ని కాదన్నట్టేనా?

ఒంగోలు బాప్టిస్టు:
సహోదరీ, బాప్తిస్మానికి మూలమైన గ్రీకు మాటకు అర్థమే ముంచడం. రోమా 6వ అధ్యాయంలో పౌలు దానిని క్రీస్తుతో పాతిపెట్టబడి లేవడంగా వివరించాడు; తలమీద నాలుగు చుక్కలు చల్లితే ఆ సమాధి ఎక్కడ కనిపిస్తుంది? మా ప్రాంతపు సాక్ష్యమూ ఉంది. 1876–78 కరవులో బకింగ్‌హాం కాలువ పని చేయించిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు, కూలి కోసం, గింజల కోసం చేరేవారు ఉంటారని నెలల తరబడి బాప్తిస్మాలు నిలిపివేశారు. ఆ తరువాతే 1878 జూలై 3న, వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. సొంత నోటి ఒప్పుకోలు లేనిదే ఎవరినీ నీటిలోకి దించలేదు.

హైదరాబాదు బైబిలు ఉపాధ్యాయుడు:
ఆ జాగ్రత్తకు నేనూ తల వంచుతాను. అయితే ఆ రోజు ఏటిలోకి దిగినవారు కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారు. అలాంటి పెద్దలకు విశ్వాసం ముందు, నీళ్లు తరువాత అని లూథరన్లూ అంటారు. పేచీ అంతా విశ్వాసుల బిడ్డల గురించే. ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఇంటివారందరితో బాప్తిస్మం పొందాడని అపొస్తలుల కార్యములు 16లో ఉంది. ఆ ఇంట్లో పసివాళ్లు ఉన్నారో లేరో ఆ గ్రంథకర్త లూకా రాయలేదు కనుక ఆ వచనంతో ఎవరూ గెలవలేరు.

నన్ను కలవరపెట్టేది మరొకటి. సువార్తిక విశ్వాసానికి ప్రాణం ఎఫెసీ 2:8–9: రక్షణ కృపచేతనే, విశ్వాసం ద్వారానే, క్రియల వలన కాదు. మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ పసితనంలో బాప్తిస్మం పొంది, ఆంగ్లికన్ గురువై, జార్జియాలో మిషనరీగా పనిచేసి వచ్చాక, 1738 మే 24 సాయంత్రం లండన్ ఆల్డర్స్‌గేట్ వీధి కూటంలో, రోమా పత్రికకు లూథర్ రాసిన పీఠికను ఎవరో చదువుతుండగా, క్రీస్తు తన పాపాలనే తీసివేశాడన్న నిశ్చయత పొందాడు. ఆ తరువాతా ఆయన మళ్లీ నీటిలోకి దిగలేదు. తిరిగి జన్మించడాన్ని ఊరూరా ప్రకటించిన ఆ మనిషిని మనం బల్ల దగ్గర ఆపగలమా?

శిశు బాప్తిస్మాన్ని కాదన్న అవతలివారి గాయాన్నీ మరువకూడదు. పెద్దవారికి తిరిగి బాప్తిస్మం ఇచ్చినందుకు ఫెలిక్స్ మాంజ్‌ను 1527 జనవరిలో జ్యూరిక్ నగర పాలకులు చేతులు కట్టించి లిమ్మాట్ నదిలో ముంచి చంపించారు. శిశు బాప్తిస్మాన్ని సమర్థించే నాలాంటివారు ఆ పేరు తలచుకున్నాకే నోరు విప్పాలి.

సహోదరీ, వాక్యం మీ మనస్సాక్షిని ఒప్పిస్తే దిగండి. అత్తవారి మాట కోసమో, బల్లలో చోటు కోసమో దిగవద్దు. క్లౌ దొరగారు నిలిపివేసింది అటువంటి బాప్తిస్మాలనే.

ఒంగోలు బాప్టిస్టు:
చివరి మాట ఒప్పుకుంటున్నాను. వెస్లీకి రక్షణ లేదని మేమూ అనము. ప్రభువు ఆజ్ఞను ఆయన ఆజ్ఞాపించిన తీరులోనే నెరవేర్చాలన్నది మాత్రం విడిచిపెట్టలేము.

గుంటూరు సహోదరి:
నేను ఎప్పుడు, ఎలా విశ్వసించానో ఇంతవరకు ఆ పెద్దలు అడగలేదు. ఆదివారం ముందుగా నా సాక్ష్యం వినమని కోరతాను. నీటి సంగతి ఆ తరువాత.