బడిలో పిల్లలకు తుపాకి జాగ్రత్తలు నేర్పాలా? మన ఉదయగిరి పక్క పల్లెలకూ ఆ పాఠం అవసరమా?

విశ్రాంత ఉపాధ్యాయుడు, వింజమూరు:

సభ్యులందరికీ నమస్కారం. నేను నెల్లూరు జిల్లా పరిషత్ పాఠశాలల్లో ముప్పై మూడేళ్లు సాంఘికశాస్త్రం బోధించాను. మా అమ్మాయి కుటుంబం అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఉంటోంది. మొన్న ఆదివారం వీడియోలో మాట్లాడుతుంటే ఒకటో తరగతి చదివే మనవడు, "తాతా, తుపాకి కనపడితే ముట్టుకోకూడదు, అక్కడి నుంచి వెళ్లిపోవాలి, వెంటనే పెద్దవాళ్లకు చెప్పాలి" అని ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. బడిలో నేర్పారట. విచారిస్తే తెలిసింది ఏమిటంటే, ప్రతి ప్రభుత్వ పాఠశాలలోనూ వయసుకు తగినట్టు తుపాకి జాగ్రత్తలు బోధించాలని టెనెసీ 2024లో చట్టం చేసింది, 2025-26 విద్యా సంవత్సరం నుంచి అది అమల్లోకి వచ్చింది. తరగతి గదిలోకి నిజమైన తుపాకిని గాని తూటాలను గాని తేకూడదని అదే చట్టంలో ఉంది. అర్కన్సా, యూటా రాష్ట్రాలు కూడా 2025లో అదే దారి పట్టాయి.

ఇది విన్న రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. మన బడుల్లో ఇలాంటి పాఠం చెప్పవలసిన దుస్థితి లేదు కదా అని ముందు ఊరట కలిగింది గాని, తెల్లవారేసరికి ఆ ఊరట నిలవలేదు. కారణం చెబుతాను. ఉదయగిరి దగ్గర కొండ కింద పల్లెలో నేను పనిచేస్తున్న కాలంలో ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు, చేను గట్టున దొరికిందని, దారం చుట్టిన గుండ్రటి ఉండ ఒకదాన్ని పుస్తకాల సంచిలో వేసుకొని బడికి వచ్చాడు. మధ్యాహ్న భోజనం వేళ దాన్ని నలుగురూ చేతులు మార్చుకుంటూ చూస్తున్నారు. గొర్రెల కాపరి కొడుకు ఒకడు మాత్రం దాన్ని చూడగానే, అది అడవిపందులు కొరికితే పేలేలా మేతలో పెట్టే నాటు బాంబని కేక వేసి దూరంగా పరుగెత్తాడు. అప్పుడు నేను ఏం చేశానో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పిల్లల్ని బయటికి పంపడం వరకు సరిగానే చేశాను గాని, ఆ ఉండను నా చేత్తోనే పట్టుకొని ఆవరణ దాటి తీసుకుపోయి చెట్టు కింద పెట్టాను. అది తప్పని నాకు ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. ఆ గదిలో సరైన పాఠం తెలిసినవాడు ఆ కాపరి కొడుకు ఒక్కడే.

అందువల్ల నా ప్రశ్న ఇది. నాటు తుపాకులు, నాటు బాంబులు తిరిగే కొండ పల్లెల్లోనైనా మన బడులు ఈ విషయాన్ని పిల్లలకు చెప్పాలా? చెబితే లేని కుతూహలాన్ని మనమే రేపినవాళ్లం అవుతామా? తెలిసినవారు తమ అనుభవంతో చెప్పగలరని ప్రార్థన.

ఎన్.సి.సి. చూసే ఉపాధ్యాయుడు, నెల్లూరు:

మాస్టారూ, మీ ప్రశ్నలో రెండు వేర్వేరు చదువులు ఉన్నాయి. తుపాకిని ఎలా పట్టుకోవాలో నేర్పడం ఒకటి, తుపాకి జోలికి పోకుండా ఉండడం ఎలాగో నేర్పడం మరొకటి. ఈ రెండింటినీ ఒకటిగా అనుకోవడం వల్లనే, ఇలాంటి చర్చ ఎక్కడ జరిగినా, ఒకరు పిల్లల చేతికి ఆయుధం ఇస్తారా అని కోప్పడతారు, ఇంకొకరు తెలిస్తే తప్పేమిటని ఎదురు చెబుతారు.

మొదటి చదువు మన ప్రభుత్వ పాఠశాలల్లో కొత్తదేమీ కాదు. 1948లో ఎన్.సి.సి. అనే విద్యార్థుల సైనిక శిక్షణ దళం ఏర్పడిన నాటి నుంచి ఉన్నదే. మా క్యాడెట్లు ఎనిమిది, తొమ్మిది తరగతుల వారు. పాయింట్ టూ టూ రైఫిల్‌తో ఫైరింగ్‌కు తీసుకుపోయే ముందు వాళ్లకు ఎన్నో గంటలు ఖాళీ రైఫిల్ మీదనే శిక్షణ ఉంటుంది. ఏ ఆయుధమైనా నిండి ఉందనే భావించాలి, గొట్టం మనిషి వైపు తిప్పకూడదు, ఆజ్ఞ వచ్చేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు అనే మూడు మాటలు వాళ్ల నోట నిద్రలో కూడా పలికేదాకా చెబుతాం. కాల్పులు జరిపే రేంజి మీద ఎర్రజెండా ఎగరాలి, "జాంచ్ శస్త్ర్" అని తనిఖీకి ఆజ్ఞ ఇచ్చినప్పుడు ప్రతి రైఫిల్‌నూ తెరిచి చూపించాలి, కాల్చిన తూటాల ఖాళీ గొట్టాలు లెక్కకు లెక్క అప్పగించాలి. ఒక్కటి తక్కువైతే అందరం గడ్డిలో మోకాళ్ల మీద వెతకవలసిందే. ఇంత కట్టుదిట్టం మధ్య, సైన్యం వారి కళ్ల ముందు జరిగే శిక్షణను ముప్పై అయిదు నిమిషాల పీరియడ్‌లో, శిక్షణ లేని ఉపాధ్యాయుడి చేత అందరు పిల్లలకూ చెప్పించడం కుదరదు, చెప్పించకూడదు కూడా.

రెండో చదువు మాత్రం అందరికీ కావాలనే నా అభిప్రాయం. బొమ్మ తుపాకి నుంచే అది మొదలు కావాలి. రొట్టెల పండుగ రోజుల్లో స్వర్ణాల చెరువు గట్టున ప్లాస్టిక్ గుళ్లు పేల్చే తుపాకుల్ని కొనిపించుకోని పిల్లవాడు అరుదు. ఆ గుండు కంటికి తగిలితే చూపే పోవచ్చు. ఇంట్లో వాళ్లు పిల్లవాడు తమ వైపు గురిపెట్టి "డిష్యుం" అంటే నవ్వుతూ పడిపోయినట్టు నటిస్తారు. మనిషి మీదికి గొట్టం తిప్పడం సరదా అని మనమే నేర్పి, పదమూడో ఏట నా దగ్గరికి పంపిస్తే, ఆ అలవాటును మాన్పించడానికే నాకు సగం శిక్షణకాలం పోతోంది.

కావలి ఆడపడుచు, ప్రస్తుతం నాష్‌విల్:

నమస్కారం మాస్టారూ. మీ మనవడు చదువుతున్న రాష్ట్రంలోనే మా ఇద్దరు పిల్లలూ చదువుతున్నారు. ఈ పాఠాన్ని నేను వ్యతిరేకించడం లేదు గాని, పాఠం చెప్పేశారు కాబట్టి పిల్లలు క్షేమం అనుకోవడాన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. 2001లో ఇక్కడి పిల్లల వైద్యులు చేసిన ఒక పరిశోధన చదివినప్పటి నుంచి నాకు ఈ భయం పట్టుకుంది. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల లోపు మగపిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని కలిపి ఒక గదిలో వదిలి, సొరుగులో పేలకుండా చేసిన నిజమైన పిస్తోలును దాచి, అద్దం వెనక నుంచి గమనించారు. దాన్ని కనుగొన్న జట్లలో ఎక్కువ భాగం చేతిలోకి తీసుకున్నాయి, దాదాపు సగం జట్లలో ఎవరో ఒకరు ట్రిగ్గర్ కూడా నొక్కారు. అలా పట్టుకున్న, నొక్కిన పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా అంతకు ముందే తుపాకి జాగ్రత్తలు విన్నామని చెప్పినవాళ్లే.

అలాగని పాఠం పూర్తిగా వృథా కాదు. 2023లో వచ్చిన మరో పరిశోధనలో, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి చెప్పే ఒక నిమిషం వీడియోను వారం ముందు చూసిన పిల్లల్లో సుమారు మూడోవంతు మంది తుపాకి కనపడగానే పెద్దలకు చెప్పారు, చూడని వారిలో అలా చెప్పినవారు పదోవంతే. కాని ఆ వీడియో చూసిన వాళ్లలోనే పదిమందికి నలుగురు దాన్ని ముట్టుకున్నారన్నది తల్లిగా నేను మరిచిపోలేను. 2020 నుంచి ఈ దేశంలో ఒకటి నుంచి పందొమ్మిదేళ్ల వారి మరణాలకు తుపాకులే మొదటి కారణమయ్యాయి. ఆరేళ్ల పిల్లవాడి జ్ఞాపకశక్తి మీద భారం వేసి పెద్దవాళ్లు చేతులు దులుపుకోకూడదు. తుపాకిలో తూటా ఉండకూడదు, తుపాకికి తాళం ఉండాలి, తూటాలు వేరే చోట వేరే తాళంలో ఉండాలి అని ఇక్కడి పిల్లల వైద్యుల సంఘం చెప్పేది పెద్దలకే. తుపాకిని పిల్లలకు అందుబాటులో వదిలేసిన పెద్దలను బాధ్యుల్ని చేసే చట్టాన్ని ఫ్లోరిడా 1989లోనే మొదట తెచ్చింది.

మన తెలుగువాళ్లకు ఇక్కడ ఇంకొక అడ్డు ఉంది, అది మొహమాటం. పిల్లవాణ్ణి తోటి పిల్లల ఇంటికి ఆడుకోవడానికి పంపేటప్పుడు, మీ ఇంట్లో తుపాకి ఉందా, ఉంటే తాళంలో ఉందా అని అడగడానికి నోరు రాదు. అడిగితే అవమానించినట్టు అవుతుందేమోనని రెండేళ్లు నేనూ అడగలేదు. ఇప్పుడు, "మా వాడికి వేరుశనగ పడదు, మీ ఇంట్లో కుక్క ఉందా, ఈతకొలను ఉందా, తుపాకి ఉందా" అని అన్నీ కలిపి ఒకే మాటగా అడుగుతాను. ఇంతవరకు ఎవరూ నొచ్చుకోలేదు. మీ అమ్మాయిని కూడా అలా అడగమని చెప్పండి, మనవడి పాఠం కన్నా అది ముఖ్యం.

సీతారాంపురం రైతు:

మాస్టారికి నమస్కారం. అమెరికా సంగతి నాకు తెలియదు గాని, మీరు చెప్పిన ఉండ సంగతి తెలుసు. మూడేళ్ల కిందట మా పక్క చేనివాళ్ల ఆవు మేతలో అలాంటిదాన్ని కొరికింది. దవడ ఎగిరిపోయి, రెండు రోజులు నీళ్లు తాగలేక, మా కళ్ల ముందే ప్రాణం విడిచింది. పెట్టినవాడు ఎవడో ఊరందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పలేదు. ఎందుకంటే పందుల గుంపు ఒక్క రాత్రిలో ఎకరం వేరుశనగ పెళ్లగిస్తే కలిగే నష్టం ఏమిటో కూడా ఊరందరికీ తెలుసు. బాంబు పెట్టడాన్ని నేను సమర్థించడం లేదు, ఎన్నడూ పెట్టలేదు. కాని ఊరు ఎందుకు మాట్లాడదో పట్టణంలో ఉండేవారు అర్థం చేసుకోవాలి.

ఇప్పుడు పాఠం సంగతికి వస్తాను. "పెద్దవాళ్లకు చెప్పు" అంటున్నారు, ఏ పెద్దవాళ్లకు? ఆ నాటు తుపాకి వాళ్ల నాన్నదే అయితే, ఆ ఉండ వాళ్ల మేనమామ పెట్టిందే అయితే, పిల్లవాడు ఎవరికి చెప్పాలి? బడిలో చెబితే పంతులుగారు పోలీసులకు చెబుతారు, పోలీసులు వచ్చి తండ్రిని తీసుకుపోతారు. అప్పుడు ఆ పిల్లవాడు ఇంట్లో ఎలా బతుకుతాడు? ఒకసారి అలా జరిగిందంటే ఇక ఊళ్లో ఏ పిల్లవాడూ ఏదీ చెప్పడు, మీ పాఠం అక్కడితో సరి. పిల్లలకు చెప్పే ముందు మాలాంటి పెద్దవాళ్లను కూర్చోబెట్టి చెప్పండి. నాష్‌విల్ అమ్మాయి చెప్పిన మాట ఇక్కడా నిజమే.

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్, ఒంగోలు:

రైతు సోదరుడు అడిగినది అసలైన ప్రశ్న. నా ఉద్యోగ అనుభవంతో తెలిసినంత చెబుతాను.

లైసెన్సు తుపాకుల వల్ల మన పక్క పిల్లలకు ప్రమాదం తక్కువ. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివారికి లైసెన్సు ఇవ్వరు. 2016 నిబంధనల ప్రకారం దరఖాస్తుదారు ఆయుధ భద్రతా శిక్షణ పొందాలి, ఎన్నికలు వచ్చాయంటే ఆ తుపాకులు స్టేషన్‌లో జమ అవుతాయి, అంటే ఎవరి దగ్గర ఏముందో మాకు తెలుస్తుంది. భయమంతా లెక్కలో లేని నాటు తుపాకితోనే. దాన్ని గొట్టం మూతి వైపు నుంచి నింపుతారు. తెరిచి చూడడానికి ఏమీ ఉండదు, కాబట్టి లోపల మందు ఉందో లేదో పైకి చూసి చెప్పడం మాకే కష్టం. కిందటి వేటకు నింపి, పేల్చకుండా చూరులో దోపిన తుపాకి నెలల తర్వాత కూడా పేలవచ్చు. ఎన్.సి.సి. మాస్టారు చెప్పినట్టు తెరిచి చూపించే పద్ధతి దీనికి పనికిరాదు. అందుకే పిల్లలకు దీని గురించి చెప్పవలసింది ఒక్కటే: ముట్టుకోవద్దు, ఖాళీదని ఎవరు చెప్పినా నమ్మవద్దు. నాటు బాంబు సంగతి ఇంకా కఠినం, దాన్ని కదిలించకూడదు, నీళ్లు పోయకూడదు, రాయి విసరకూడదు. మాస్టారూ, ఆనాడు మీరు బతికి బయటపడడం అదృష్టం. పిల్లల్ని దూరం పంపి, దాన్ని ఉన్నచోటనే వదిలి, మాకు కబురు పెట్టి ఉండవలసింది.

ఇక ఎవరికి చెప్పాలన్నది. చేను గట్టున, వాగులో, తోటలో కనపడినదాన్ని గురించి చెప్పడానికి ఎవరి పేరూ అక్కర్లేదు, ఫలానా చోట ఫలానా వస్తువు ఉందంటే చాలు. నేను పనిచేసిన చోట్ల చాలాసార్లు అలాగే వెళ్లి తెచ్చాం, చెప్పిన పిల్లవాణ్ణి పేరు కూడా అడగలేదు. ఇంట్లో ఉన్నదాని విషయంలో మాత్రం చట్టం చట్టమే, నేను తీపి మాటలు చెప్పలేను. ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేని తుపాకి ఉంచుకోవడం నేరం, బాంబు మీద పేలుడు పదార్థాల చట్టం ఉంది. అయినా ఆ భారాన్ని పిల్లవాడి నెత్తిన పెట్టకూడదన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఊరి పెద్దలు ముందుగా స్టేషన్ అధికారితో మాట్లాడుకొని, తమంతట తాము తెచ్చి అప్పగించే దారి చూడడం మేలు.

విశ్రాంత ఉపాధ్యాయుడు, వింజమూరు:

అందరికీ కృతజ్ఞతలు. నేను పిల్లల పాఠం గురించి అడిగాను, మీరందరూ నన్ను పెద్దల దగ్గరికి తీసుకువచ్చారు. హెడ్ కానిస్టేబుల్‌గారి మందలింపును శిరసా వహిస్తున్నాను.

నా చివరి బడి ప్రధానోపాధ్యాయుడు ఒకప్పుడు నా విద్యార్థే. వచ్చే నెల తల్లిదండ్రుల సమావేశంలో నాకు అరగంట ఇమ్మని ఈ ఉదయం అడిగాను, ఒప్పుకున్నాడు. పిల్లలకు చెప్పే మాటలు మూడే ఉంచుతాను: ముట్టవద్దు, దూరం జరుగు, ఎక్కడ చూశావో చెప్పు. ఎవరిదో చెప్పమని అడగబోను. నోటితో చెప్పి వదలకుండా ఆవరణలో మట్టి ఉండ ఒకటి దాచి, పిల్లల చేత అదే పని చేయించి చూడాలని ఉంది. చేయించిన పని గుర్తున్నంతగా విన్న మాట గుర్తుండదని నా ముప్పై మూడేళ్ల అనుభవం. సీతారాంపురం తమ్ముడూ, పెద్దవాళ్లతో మాట్లాడవలసింది నేను కాదు, మీరు. ఆ ఆవు సంగతి మీ నోట వినాలి. వస్తారా?

సీతారాంపురం రైతు:

తప్పకుండా వస్తాను మాస్టారూ. కాని సమావేశం బడి వేళలో పెడితే ఆడవాళ్లు నలుగురు వస్తారు, తుపాకి ఉన్నవాడు ఒక్కడూ రాడు. రాత్రి ఎనిమిది దాటాక, రచ్చబండ దగ్గర పెట్టించండి. పొలానికి కాపలా పోయే ముందు అందరూ అక్కడే కూర్చుంటారు.