మొదటి మిషన్‌గా మార్బుల్ కట్టర్ కొంటే తప్పా?

కొత్తరంపం
అందరికీ నమస్కారం. మాది మియాపూర్‌లో అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. పిల్లల పుస్తకాలకి ఒక షెల్ఫు, గుమ్మం పక్కన చెప్పుల స్టాండు నేనే చేద్దామని 18 ఎంఎం ప్లైవుడ్ షీట్లు రెండు కొన్నాను, 8x4 సైజువి. పని చేసేది బాల్కనీలో, అదీ ఆదివారాలే. చేతిలో ప్రస్తుతానికి సుత్తి, టేపు, ఒక చేతి రంపం ఉన్నాయి. బడ్జెట్ ఎనిమిది వేలు.

నిన్న రాణిగంజ్ వెళ్తే షాపతను "ప్లై కొయ్యడానికి అందరూ ఇదే తీసుకెళ్తారు సార్" అని మార్బుల్ కట్టర్ చేతిలో పెట్టాడు. నాలుగంగుళాల బ్లేడుది, 3,200. చెక్క బ్లేడు విడిగా కొనుక్కోవాలట. పక్కనే ఏడంగుళాల సర్క్యులర్ సా 5,900 చెప్పాడు. మార్బుల్ కట్టర్ అయితే మిగిలిన డబ్బుతో డ్రిల్ కూడా వస్తుందని ఆశ. ఏది తీసుకోను?

చిత్రిక
మార్బుల్ కట్టర్ తీసుకోండి, ఇక ఆలోచించకండి. 18 ఎంఎం ప్లైకి ఏడంగుళాల మిషన్ ఎందుకు? నాలుగంగుళాల బ్లేడు 30 ఎంఎం పైనే దిగుతుంది. బరువు మూడు కిలోల్లో ఉంటుంది, చేతికి నొప్పి తెలియదు. మీ అపార్ట్‌మెంట్లో ఎవరింట్లోనైనా వార్డ్‌రోబ్ పని జరుగుతుంటే చెవి పెట్టి వినండి, మోగేది ఇదే. మా నాన్న ముప్పయ్యేళ్లుగా వడ్రంగం చేస్తున్నారు. ప్లైకి ఇదే వాడతారు. రేపు బాత్రూంలో టైల్ మార్చాల్సి వచ్చినా మీకు ఇదే పనికొస్తుంది.

మూలమట్టం
చిత్రిక గారూ, అందరూ వాడటం వేరు, ఆ పనికి తయారైన మిషన్ వేరు. కొత్తరంపం గారూ, మళ్లీ షాపుకి వెళ్లినప్పుడు ఆ మార్బుల్ కట్టర్‌ని ఒకసారి బోర్లా తిప్పి చూడండి. బ్లేడుకి పైసగమే కవరు, కింది సగం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. సర్క్యులర్ సాకి కింద స్ప్రింగు గార్డు ఉంటుంది. చెక్కలోంచి బయటికి తీయగానే అదే వచ్చి పళ్లని మూసేస్తుంది.

మార్బుల్ కట్టర్‌కి అది ఎందుకు లేదంటే దాన్ని రాయి కోసం చేశారు కాబట్టి. రాయి బ్లేడుకి పళ్లుండవు, అంచున వజ్రపు రవ్వ ఉంటుంది. అరగదీస్తుంది తప్ప కొరకదు. పక్కన నీళ్ల పైపు తగిలించే చిన్న గొట్టం కూడా కనిపిస్తుంది. అలాంటిదానికి 40 పళ్ల బ్లేడు బిగించి కొయ్యడం కొత్తవాళ్లు మొదటి రోజే నేర్చుకోవాల్సిన విద్య కాదు.

పొట్టు
జిగ్‌సా కొనుక్కో బ్రదర్, సన్న బ్లేడు కుట్టుమిషన్ సూదిలా పైకీ కిందికీ ఆడేది. గీత వంకర పోతుంది కానీ వేళ్లు మిగులుతాయి.

చిత్రిక
జిగ్‌సాతో ఎనిమిదడుగులు తిన్నగా కోసినవాణ్ని నేనింతవరకు చూడలేదు. పైన గీత మీదే ఉన్నట్టు కనిపిస్తుంది, కింద బ్లేడు పక్కకి వంగిపోయి ఉంటుంది.

మూలమట్టం గారు గార్డు గార్డు అంటున్నారు. సైటు మీద ఆ గార్డుని ఏం చేస్తారో చూశారా? బైండింగ్ వైరుతో పైకి కట్టేస్తారు, లేదా సందులో చెక్కముక్క దోపుతారు. సన్న పట్టీ కోసేటప్పుడు అంచుకి తట్టుకుని అడ్డం పడుతుందని. గార్డు కట్టేసిన ఏడంగుళాల బ్లేడు కన్నా నాలుగంగుళాలది నయం కాదా? చిన్న బ్లేడు, చిన్న దెబ్బ.

మూలమట్టం
చిన్న బ్లేడు, చిన్న దెబ్బ అన్నారు కాబట్టి లెక్క వేద్దాం. మార్బుల్ కట్టర్ బ్లేడు 110 ఎంఎం, తిరిగేది నిమిషానికి దాదాపు 13,000 చుట్లు. ఒక్క చుట్టుకి పన్ను తిరిగే దూరం 34.5 సెంటీమీటర్లు. అంటే సెకనుకి 75 మీటర్లు. సర్క్యులర్ సా బ్లేడు 185 ఎంఎం, 5,000 చుట్లు వేసుకోండి. సెకనుకి 48 మీటర్లు. గంటకి చెప్పాలంటే చిన్నదాని పన్ను 270 కిలోమీటర్ల వేగంతో, పెద్దదాని పన్ను 175 లోపు వేగంతో వస్తోంది.

ఇక కిక్‌బ్యాక్, అంటే మిషన్ వెనక్కి తన్నడం. షీటుని రెండు కుర్చీల మీద అడ్డంగా పెట్టి మధ్యలో కోశారనుకోండి. సగం దూరం వెళ్లేసరికి షీటు తన బరువుకే కుంగి, కోసిన చీలిక మూసుకుపోతుంది. బ్లేడు అందులో ఇరుక్కుని, తిరగలేక ఆ ఊపుతో మిషన్‌ని మన మీదకి విసిరేస్తుంది. సర్క్యులర్ సాకీ ఈ బాధ ఉంది. కానీ దానికి రెండు చేతులకి రెండు పిడులున్నాయి, ఎగిరినా గార్డు పడుతుంది. మార్బుల్ కట్టర్‌ని ఒంటి చేత్తో పడతారు. రెండో చెయ్యి ఎక్కడుంటుంది? చెక్కని నొక్కిపట్టుకుని, సరిగ్గా బ్లేడు దారిలో.

ఏది కొన్నా సరే, కుర్చీలొద్దు. నేల మీద రెండంగుళాల థర్మాకోల్ పరిచి దాని మీద షీటు వేసి కొయ్యండి. బ్లేడు లోతు ప్లై మందం కన్నా ఐదారు ఎంఎం ఎక్కువ ఉంటే చాలు. నున్నటి వైపు కిందికి తిప్పండి. పళ్లు కింది నుంచి పైకి కోస్తాయి కాబట్టి పీచు లేచేది పైమొహమే.

గోదారోడు
లెక్క బాగుంది మాస్టారూ. షెల్ఫు కూడా ఎప్పుడో ఒకప్పుడు వస్తుందా?

డాలస్ గ్యారేజ్
ఇక్కడ నేను టేబుల్ సా వాడతాను, బల్లలోంచి బ్లేడు పైకి వచ్చి ఉండేది, సాస్టాప్ కంపెనీది. వేలు తగిలిందంటే ఐదు మిల్లీసెకన్ల లోపు ఒక అల్యూమినియం దిమ్మ బ్లేడులోకి దూసుకెళ్లి ఆపేస్తుంది. దిమ్మ పోతుంది, బ్లేడు పోతుంది, వేలు ఉంటుంది. ఒకసారి తడి చెక్క కోస్తే దాన్నీ వేలే అనుకుని ఆగింది, అదొక దండగ. వచ్చే నెల హైదరాబాద్ వస్తున్నాను. నా పాత సర్క్యులర్ సా ఊరికే పడి ఉంది, కావాలంటే తెచ్చిస్తాను.

పొట్టు
అన్నా, అది 120 వోల్టులది. ఇక్కడ 230కి పెడితే ముందు పొగ, తర్వాత వాసన.

డాలస్ గ్యారేజ్
ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు కదా.

పొట్టు
ఆ ట్రాన్స్‌ఫార్మర్ డబ్బుకి ఇంకొంచెం వేస్తే ఇక్కడ కొత్త సా వస్తుంది అన్నా.

కొత్తరంపం
అందరికీ థాంక్స్. మధ్యలో చిన్న డౌటు. మా బాల్కనీలో 6 ఆంప్స్ సాకెట్టే ఉంది. సరిపోతుందా?

మూలమట్టం
1,400 వాట్ల మిషన్ 230 వోల్టుల మీద 6 ఆంప్స్ దాకా లాగుతుంది. అంటే సాకెట్టు హద్దు మీద నడిచినట్టే. గీజరుకిచ్చే 16 ఆంప్స్ ప్లగ్గు నుంచి మందపాటి వైరు ఎక్స్‌టెన్షన్ వేసుకోండి. మాస్కు మర్చిపోకండి. చెక్క పొడి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1995లోనే దాన్ని మొదటి జాబితాలో చేర్చింది.

చిత్రిక
13,000, 13,000 అని ఒకటే పాట. ప్రతి బ్లేడు మీదా అది ఎంత వేగం దాకా తట్టుకుంటుందో అచ్చు వేసి ఉంటుంది. మిషన్ వేగం కన్నా ఎక్కువ రాసి ఉన్నది కొనాలి, అంతే. ఏది పడితే అది బిగించేవాణ్ని చూసి మిషన్‌ని తిట్టడమేంటి? కిటికీలు చేసే షాపులో అడిగితే ఎనిమిదడుగుల అల్యూమినియం సెక్షన్ ఇస్తారు. దాన్ని షీటుకి క్లాంపులతో బిగించి మార్బుల్ కట్టర్ ఆనించి తోస్తే, గీత నూలు పట్టినట్టు వస్తుంది.

మూలమట్టం
బ్లేడు మీద రాసింది చదివి కొనే మేస్త్రీలు ఎంతమంది? నా సంగతి చెప్తాను. నాలుగేళ్ల కిందట మా వంటగది పని ఒక మేస్త్రీకి ఇచ్చాను. అరవై వేలు అడ్వాన్సు. మూడు వారాలన్నది మూడు నెలలైంది. ఫోను ఎత్తడు, ఎత్తితే "రేపు పొద్దున్నే సార్". చివరికి బిగించాక చూస్తే లామినేట్ అంచులు ఎలక కొరికినట్టు పెచ్చులు లేచి ఉన్నాయి. సింకు కింది తలుపుకి మూలమట్టం పెడితే 4 ఎంఎం వాలు. "మార్బుల్ కట్టర్‌తో ఇంతే వస్తది సార్" అన్నాడు. ఆ తలుపు ఇవాళ్టికీ మోకాలితో నెడితేనే పడుతుంది. అందుకే సర్క్యులర్ సా కొని పని నేర్చుకున్నాను. ఇక్కడ ఈ పేరు పెట్టుకున్నదీ అందుకే.

చిత్రిక
అదీ అసలు సంగతి. ఇన్ని పోస్టుల నుంచి పంటి వేగం, గార్డు అంటుంటే నిజంగా కొత్తరంపం గారి చేతుల గురించే బెంగ అనుకున్నాను. మీ కోపం మార్బుల్ కట్టర్ మీద కాదు, మేస్త్రీ మీద. అతను చేసింది తప్పే, కాదనను.

కానీ ఆ పని ఎలా నడుస్తుందో మీకు తెలుసా? చదరపు అడుగుకి ఇంతని లేబర్ మాట్లాడుకుంటారు. అందులో కాంట్రాక్టరు వాటా పోతుంది. మిగిలినదాంట్లో ఇద్దరు హెల్పర్లకి కూలీ ఇవ్వాలి. ఆ ఒక్క మిషన్‌తోనే ప్లై, లామినేట్, తలుపులకేసే అల్యూమినియం పట్టీ అన్నీ కోసుకోవాలి. గోనెసంచిలో వేసుకుని బస్సెక్కడానికి వీలయ్యేది అదే. మీరు ఆదివారం సరదాకి ఒక్క గీత కొయ్యడానికి గంటసేపు క్లాంపులు బిగించుకోవచ్చు. మా నాన్నకి గంటంటే రెండు అల్మరా తలుపులు. వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు ఆయనకి పని నేర్పుతారు!

మూలమట్టం
నేనెవరికీ పని నేర్పడం లేదు. ఒక్క మాట అడుగుతాను, చెప్పండి. మీ నాన్నగారికి పది వేళ్లూ ఉన్నాయా?

పొట్టు
అయ్యో సార్. ఇది అడగాల్సింది కాదు.

చిత్రిక
తొమ్మిదిన్నర. ఎడమ చెయ్యి చూపుడు వేలికి పై కణుపు లేదు. మార్బుల్ కట్టర్ వల్ల కాదు, మీరేం సంతోషించక్కర్లేదు. సామిల్లులో చెక్క నున్నగా చేసే రందా మిషన్. నాకప్పుడు ఆరేళ్లు. ఆ మిషన్‌కి గార్డు ఉండేది. పని తొందరగా అవుతుందని ఊడదీసి గోడకి ఆనించి పెట్టారు. తీసింది మా నాన్న కాదు. ఓనరు కట్టు కట్టించి, వారం కూలీ చేతిలో పెట్టి పంపేశాడు.

మీ వంటగదిలో ఆ మేస్త్రీ మూడు నెలలు కోశాడన్నారు. ఒక్కరోజైనా "ఇది ప్రమాదం బాబూ, సర్క్యులర్ సా తెచ్చుకో, ఖర్చు నేనిస్తా" అన్నారా? ఇప్పుడు మీ చెయ్యి పెట్టాల్సి వచ్చేసరికి గార్డు గుర్తొచ్చింది.

మూలమట్టం
అనలేదు. అతనికి మాస్కు కూడా లేదు. చెవుల్లో దూది పెట్టుకుని, కళ్లు సగం మూసుకుని కోసేవాడు. నేను పక్కనే నిలబడి ఎన్ని తలుపులయ్యాయో లెక్కపెట్టుకునేవాణ్ని. మీ నాన్నగారి గురించి అలా అడగకూడదు, క్షమించండి.

కానీ మాట మార్చను. వేరే దారి లేక వాడేవాళ్ల సంగతి వేరు. దారి ఉన్నవాడికి కూడా అదే కొనుక్కోమంటారా? కొత్తరంపం గారి దగ్గర సర్క్యులర్ సాకి సరిపడా డబ్బుంది.

చిత్రిక
అదే మంచిదని నేనూ అనలేదు. సరిపోతుందన్నాను.

గోదారోడు
"ఇక ఆలోచించకండి" అన్నావు తమ్ముడూ. పైకెళ్లి చూసుకో.

కొత్తరంపం
పోస్టులన్నీ చదివాను. మా ఆవిడా చదివింది. వేలి దగ్గరికి వచ్చేసరికి ఫోను పక్కన పెట్టేసి "ఇంట్లోకి ఏ మిషనూ రాదు" అంది. ఇక చేసేదేముంది, రెండు షీట్లూ ట్రాలీ ఆటోలో వేసుకుని ప్లై కొన్న షాపుకే తీసుకెళ్లాను. వాళ్ల దగ్గర షీట్లు కోసే పెద్ద మిషన్, ప్యానెల్ సా ఉంది. కొలతలు రాసిన కాగితం ఇచ్చి టీ తాగి వచ్చేలోపు అయిపోయింది. అంచున ఒక్క పీచు లేదు.

ఒకటే సమస్య. షీటు వెడల్పు నాలుగడుగులు కదా అని అడుగు వెడల్పు పలకలు నాలుగు కొయ్యమన్నాను. ఇంటికొచ్చి కొలిస్తే మూడు సరిగ్గా 305 ఎంఎం ఉన్నాయి, నాలుగోది 296. షాపువాడు ఏమైనా మోసం చేశాడా?

చిత్రిక
మోసమేం లేదు, బ్లేడు తినేసింది.

మూలమట్టం
బ్లేడు మందం 3 ఎంఎం ఉంటుంది. నాలుగు పలకలకి మూడు కోతలు. తొమ్మిది ఎంఎం పొట్టుగా పోయింది. కాగితం మీద కొలతలు వేసుకునేటప్పుడే ప్రతి కోతకీ అది కలపాలి. ఇప్పుడు మిగతా మూడింటినీ 296కి తగ్గించెయ్యండి, అన్నీ సమానమవుతాయి.

కొత్తరంపం
తగ్గించడం దేంతో అండీ?

పొట్టు
పదండి, మళ్లీ మొదటి పోస్టు దగ్గరికి.

చిత్రిక
నాన్నని అడిగాను. "ముందు అంచులన్నీ సమానంగా పెట్టి, తక్కువైంది గోడవైపు వదిలెయ్యమను. గోడవైపు ఎవడు చూస్తాడ్రా" అన్నారు. రెండు షీట్ల పనికి మిషన్ కొంటానన్నది ఎవరని కూడా అడిగారు. ఇంట్లో చేతి రంపం ఉందని చెప్తే నవ్వారు.

మూలమట్టం
వెనక ప్లై కొట్టేటప్పుడు ఆ పలకకి మేకు దిగదు.