వృద్ధాశ్రమంలో శానిటైజర్ వాడుతున్నా విరేచనాలు ఎందుకు పాకుతున్నాయి?

లంకవాసి:
పాలకొల్లు దగ్గర ఆశ్రమం. పెద్దవాళ్ళు 20 మంది, అందులో ఆరుగురు మంచం దిగలేరు. ఆయాలు నలుగురు. గదికో శానిటైజర్ సీసా ఉంది, గ్లవ్స్ ఇస్తున్నాం. అయినా ఒకరికి విరేచనాలు మొదలైతే వారంలో సగం మందికి వస్తున్నాయి. ఎక్కడ తప్పుతోంది?

వార్డు సిస్టర్:
శానిటైజర్‌కి వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ పెద్దగా లొంగదండి. విరేచనాలు తెచ్చే ఇంకో బ్యాక్టీరియా, క్లోస్ట్రిడియం డిఫిసైల్, దాని స్పోర్లయితే (గట్టి పెంకున్న విత్తనాల్లాంటివి) అసలు చావవు. వాటిని సబ్బుతో రుద్ది, పారే నీటితో వదిలించుకోవాల్సిందే. డైపరు మార్చినా, బెడ్‌పాన్ తీసినా సబ్బే వాడాలి. తడపడం నుంచి తుడుచుకోవడం దాకా 40–60 సెకన్లు పట్టాలి. బొటనవేలు, వేళ్ళ సందులు, గోళ్ళ కొసలు ఎక్కువమంది వదిలేస్తారు. డ్యూటీలో ఉంగరాలు, గాజులు తీసేయించండి. బీపీ చూడటం, మాత్రలివ్వడం లాంటి వాటికి శానిటైజర్ చాలు, ఆరేదాకా 20–30 సెకన్లు రుద్దితే.

నా అనుమానమంతా గ్లవ్స్ మీదే. ఒకే జతతో మంచం నుంచి మంచానికి వెళ్తే ఒకరి మలం ఇంకొకరి దుప్పటికి చేరుతుంది. ఉత్త చేతికి అంటితే వెంటనే కడుక్కుంటారు, గ్లవ్ ఉంటే ఆ ధ్యాసే ఉండదు. మనిషి మారగానే జత మారాలి, విప్పాక చేతులు కడగాలి.

మంచినీటి చెరువు:
ఆయాలు బకెట్లో చెంబు ముంచి కడుక్కుంటున్నారేమో చూడండి. మొదటి చేతి మురికి అందరికీ పంచినట్టే. కుళాయి ఉన్న డ్రమ్ము పెట్టండి. వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేశాక చెరువు అడుగంటి నీళ్ళు మట్టిగా వస్తాయి. ఆ మట్టే క్లోరిన్‌ని తినేస్తుంది. ముందు పటిక వేసి తేర్చి, పైనీళ్ళు వేరుచేసి, అప్పుడు క్లోరిన్ కలపండి. అరగంట తర్వాత క్లోరోస్కోపుతో (నీళ్ళలో మిగిలిన క్లోరిన్ కొలిచే చిన్న కిట్) చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాములు మిగలాలి.

నేల మీద మలం పడితే ముందు కాగితంతో ఎత్తేసి, 33 శాతం బ్లీచింగ్ పౌడరు లీటరు నీటికి 15 గ్రాములు కలిపి పోయండి. పది నిమిషాలు ఉంచి తుడవాలి. ఏ రోజుకారోజు కలుపుకోవాలి. మన తీరప్రాంతపు చెమ్మకి విప్పిన ప్యాకెట్ త్వరగా నిస్సత్తువైపోతుంది, మూత బిగిసే డబ్బాలో పోయండి. బాత్రూం యాసిడ్‌తో మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది.

లంకవాసి:
బకెట్టూ చెంబూ నిజమేనండి. రేపే డ్రమ్ము పెట్టిస్తాం. సబ్బు బిళ్ళ మంచిదా, లిక్విడ్ మంచిదా?

వార్డు సిస్టర్:
ఏదైనా పర్లేదు. బిళ్ళయితే చిన్న ముక్కలుగా కోసి, నీరు జారిపోయే చిల్లుల పెట్టెలో ఉంచండి. లిక్విడ్ అయితే అడుగున మిగిలినదాని మీదే కొత్తది పోయకండి, సీసాలో బ్యాక్టీరియా పెరుగుతుంది. కడిగి, ఆరబెట్టి నింపాలి. అందరికీ ఒకే తువ్వాలు వద్దు. పాత నూలుబట్ట ముక్కలు కోసి, ఒక్కొక్కటి ఒక్కసారే వాడి ఉతకండి.

ఇంకొకటి, మంచం మీదున్నవాళ్ళ చేతులు ఎవరూ పట్టించుకోరు. మనం అన్నం చేత్తో కలుపుకునే వాళ్ళం. కంచం పెట్టేముందు బేసిను, సబ్బు మంచం దగ్గరికే తీసుకెళ్ళి కడిగించండి. విరేచనాలు పట్టుకున్న ఆయా గానీ వంటమనిషి గానీ, తగ్గాక కూడా 48 గంటలదాకా పనిలోకి రాకూడదు. ఆ రెండ్రోజుల జీతం కోయకండి, కోస్తే జబ్బు దాచిపెట్టి వచ్చేస్తారు.