హమాలీ: మనిషా, ఖర్చా?

ప్రశ్న (గుంటూరు):
మిర్చి యార్డు తక్‌పట్టీలో (సరుకు అమ్మాక రైతుకిచ్చే లెక్క చీటీ) కమీషను, కాటా పక్కనే 'హమాలీ' అని ఒక ఖర్చు రాస్తారు. టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే మనిషినీ హమాలీ అనే అంటాం. వీటిలో ముందు పుట్టిన అర్థం ఏది? 'మాల్' అంటే సరుకు కదా, మాట దాన్నుంచే వచ్చిందని ఇక్కడ కొందరి వాదన. ఒప్పుకోవచ్చా?

జవాబు 1:
ఒప్పుకోలేమండీ. మాల్ కూడా అరబ్బీ మాటే గానీ దాని ధాతువు వేరు. పైగా అందులోంచి తీస్తే ముందున్న 'హ' ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పలేం. మన మాటకు మూలం హ-మ-ల అనే మూడు హల్లుల ధాతువు, అర్థం మోయడం. అరబ్బీలో నడిమి హల్లుకు ద్విత్వం ఇచ్చి, దాని మీద దీర్ఘం పెడితే ఆ పనే వృత్తిగా చేసేవాడని అర్థం వస్తుంది. అలా వచ్చిందే హమ్మాల్.

ఈ అచ్చులో పోసిన మాటలు మన బజార్లో ఇంకా ఉన్నాయి. నాణేలు మార్చే సర్రాఫ్ మనకు షరాబు, ఇంగ్లీషువాళ్లకు ష్రాఫ్ అయ్యాడు. దల్లాల్ అంటే దారి చూపేవాడు, మన దళారి. (ఎవరికి చూపిస్తాడో రైతునడగాలి.)

ఉర్దూలో హమ్లా (దాడి), హామిలా (గర్భిణి), తహమ్ముల్ (ఓర్పు) ఈ ధాతువు పిల్లలే. ఇండోనేషియా భాషలో 'హామిల్' అంటే గర్భవతి. తుర్కీ, రుమేనియన్ భాషల్లో మూటలు మోసేవాడు 'హమాల్'. స్పానిష్‌లోకి అరబ్బీ 'అల్'తో సహా వెళ్లి 'అలమెల్' అయింది.

జవాబు 2:
ధాతువు సరే, అడిగినవారి అసలు ప్రశ్న చివరి 'ఈ' గురించి. మరాఠీలో హమాల్ అంటే మనిషి, హమాలీ అంటే అతని పని, ఆ పనికిచ్చే డబ్బు. మహారాష్ట్ర 1969లో చేసిన చట్టం పేరులోనూ 'మాథాడీ (తలమీద బరువు మోసేవాడు), హమాల్' అనే ఉంటుంది, హమాలీ అని కాదు. ఉర్దూలో దలాల్, దలాలీ కూడా ఇదే తీరు. అంటే తక్‌పట్టీలో రాసేదే మాటకు సరైన అర్థం, మనిషికి వాడటం తర్వాత వచ్చింది.

తెలుగులో మనిషికి 'ఈ' ఎందుకు అంటుకుందంటే నా ఊహ ఇది: హమాల్‌కు మామూలుగా ఉకారం చేరిస్తే 'హమాలు' అవుతుంది, అది బహువచనంలా వినిపిస్తుంది. ఆ చిక్కు తప్పించుకోవడానికి 'ఈ' రూపం పట్టుకున్నాం.

జవాబు 3:
ఆ ఊహ నిలబడదండీ. వకీల్ 'వకీలు' అయ్యాడు, కొత్వాల్ 'కొత్వాలు' అయ్యాడు, వాటిని బహువచనమని ఎవరూ పొరబడలేదు.

అంతకంటే దగ్గరి దారి మన భాషలోనే ఉంది. కూలి అంటే మొదట డబ్బే: 'కూలి ఇచ్చారా', 'కూలి గిట్టలేదు'. తమిళంలోనూ కూలి అంటే వేతనం, మనిషి 'కూలియాళ్'. మనం కూలివాడు అంటూనే, డబ్బు పేరును దీర్ఘం చేసి 'కూలీ' అని మనిషికి పెట్టేశాం. హమాలీకి జరిగిందీ అదే, లెక్క పుస్తకంలోని ఖర్చు మనిషి మీదికి ఎక్కింది. స్వాహిలీలో కూడా 'హమాలి' అంటే మనిషే, కానీ దాన్ని సాక్ష్యంగా తేకండి. ఆ భాషలో మాట సాధారణంగా అచ్చుతోనే ముగుస్తుంది కాబట్టి అక్కడ ఇకారం చేరింది.

ఇంగ్లీషు 'కూలీ' మన వేతనం నుంచి వెళ్లిందనేవారు ఉన్నారు, గుజరాత్‌లోని కోలీ అనే జనవర్గం పేరు నుంచి అనేవారూ ఉన్నారు. రెండూ కలిసిపోయి ఉండొచ్చు కూడా.

జవాబు 4 (విజయవాడ):
మా వన్‌టౌన్ వైపు హమాలీ కంటే 'ముఠా కూలీ' ఎక్కువ వినిపిస్తుంది, జట్టు పెద్ద 'ముఠా మేస్త్రీ'. ఈ మేస్త్రీ పోర్చుగీసు 'మెస్త్రె', దాని వెనక లాటిన్ 'మగిస్తెర్'. బళ్లో మాస్టారూ ఆ లాటిన్ మాట నుంచే, ఇంగ్లీషు మీదుగా వచ్చాడు.

రైల్వే స్టేషన్లో పోర్టరు కూడా లాటిన్ 'పోర్తారె' (మోయడం) నుంచే కాబట్టి అర్థంలో హమ్మాల్‌కు సరిజోడు. ద్వారపాలకుడనే అర్థమున్న ఇంగ్లీషు పోర్టర్ మాత్రం 'పోర్తా' (తలుపు) నుంచి వచ్చిన వేరే మాట, రెంటినీ కలపకూడదు. 2016 రైల్వే బడ్జెట్లో కూలీలను 'సహాయక్' అనాలన్నారు. ఆ పేరులో మోత ఊసే లేదు.

జవాబు 2 (మళ్లీ):
వకీలు ఉదాహరణ బాగుంది, నా ఊహ వదిలేస్తున్నా. అనువాదాలు చేసేవాళ్లకు ఒక్క మాట: బిల్లులో ఖర్చు కింద 'హమాలీ' అని ఒక్కటి రాస్తే చాలు. 'హమాలీ కూలి' అన్నా నడుస్తుంది, అప్పుడు 'లి' హ్రస్వమే ఉండాలి. 'హమాలీ కూలీ' అని దీర్ఘం పెడితే ఖర్చుల జాబితాలో ఒక మనిషిని నిలబెట్టినట్టు అవుతుంది.