అప్‌డేట్: మా అక్క కొడుకు లుకేమియా, కార్-టీ ప్రశ్న

తొమ్మిదేళ్ల మా అక్క కొడుక్కి బీ-సెల్ లుకేమియా (ఒక రకం రక్త క్యాన్సర్) అని తెలిసి, వెంటనే కార్-టీ అనే కణ చికిత్స చేయించాలా అని తిరుపతి నుంచి అడిగింది నేనే. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "ముందు ఎంఆర్‌డీ టెస్ట్ (చికిత్స తర్వాత కొద్దిపాటి క్యాన్సర్ కణాలైనా మిగిలాయేమో చూసే పరీక్ష) గురించి అడగండి" అన్న సలహానే పనికొచ్చింది. మొదటి విడత కీమో తర్వాత ఎముక మూలుగుకి చేసిన ఆ పరీక్షలో క్యాన్సర్ కణాలు కనబడలేదు. కీమోనే కొనసాగిద్దాం అన్నారు వేలూరులో డాక్టరు గారు.

కార్-టీలో పిల్లాడి టీ కణాలనే (రక్తంలోని రోగనిరోధక కణాలు) తీసి, బీ కణాల మీద ఉండే సీడీ19 అనే ప్రోటీన్ ఉన్న కణాలను పట్టేలా ల్యాబ్‌లో మార్చి మళ్లీ ఎక్కిస్తారు. జబ్బు తిరగబెడితేనో, కీమోకి లొంగకపోతేనో దాని గురించి ఆలోచిస్తారట. మన దేశంలో 2023లో నెక్స్‌కార్19 అనే కార్-టీ చికిత్సకి వచ్చిన అనుమతి కూడా 15 ఏళ్లు నిండినవాళ్లకే.

బొడ్డుతాడు రక్తం దాచలేదే అని అక్క ఎంత ఏడ్చిందో! సొంతది ఉన్నా ఈ జబ్బుకి సాధారణంగా వాడరట. బొప్పాయి ఆకు రసం మాత్రం ఆపేయమన్నారు.

నిన్న వాడే అడిగి రెండు ఇడ్లీలు తిన్నాడు.