ఆమ్‌స్టర్‌డామ్ దాటాక ఎటు వెళ్తే బాగుంటుంది?

ప్రశ్న: ఫ్రెండ్స్ నలుగురం మే నెలలో నెదర్లాండ్స్ వెళ్తున్నాం. పల్లెలు, రేవులు, పాత ఊళ్లు చూడాలని ఉంది. కారు తీసుకోవాలా, రైళ్లూ బస్సులూ సరిపోతాయా?

జవాబు: కారు అక్కర్లేదండీ. రాటర్‌డామ్ వైపు వెళ్తే అక్కడి నుంచి వాటర్‌బస్‌లో కిండర్‌డైక్ చూసి రండి, కాలువ గట్ల మీద 19 గాలిమరలు, చాలావరకు 1740 ప్రాంతంలో కట్టినవే, పల్లపు పొలాల్లో నీరు తోడి నదిలోకి పంపడానికి. దగ్గరికి వెళ్లి రెక్కలు చూడండి, చెక్క చట్రం మీద తెరచాప గుడ్డ ఉంటుంది, గాలిని బట్టి పరుస్తారు, చుడతారు. నాకైతే ఎంత చూసినా తనివి తీరలేదు.

జవాబు: నా ఓటు మాత్రం హోర్న్, ఎంక్‌హౌజెన్‌లకే, రెండూ రైలు దారిలోనే ఉన్నాయి. ఒకప్పటి డచ్ ఈస్టిండియా కంపెనీ రేవులు అవి. 1932లో 32 కిలోమీటర్ల అడ్డుకట్ట వేశాక అక్కడి ఉప్పు సముద్రం కాస్తా మంచినీటి సరస్సయింది. సాయంత్రం రేవులో పాత తెరచాప పడవలు చూడకుండా వచ్చేయకండి!

జవాబు: వోలెండమ్ నుంచి పడవలో మార్కెన్ కూడా వెళ్లండి, 1957 దాకా అది దీవే. అన్నట్టు, రైల్లో బ్యాంకు కార్డు ట్యాప్ చేస్తే చాలు, కానీ ఎవరి కార్డు వాళ్లకే, దిగేటప్పుడూ ట్యాప్ చేయాలి.