ఇంగ్లండ్‌లోని లెస్టర్ వస్తున్నా, రాత్రి షిఫ్టు నుంచి నడిచి రావడానికి ఏం నేర్చుకోవాలి?

మాది కావలి. సెప్టెంబర్‌లో మాస్టర్స్‌కి వస్తున్నాను. పార్ట్‌టైమ్ పని ముగిశాక రాత్రిపూట నడవాల్సి వస్తుందంటున్నారు. ఇంట్లోనే చేసుకునే ప్రాక్టీసు ఏదైనా చెప్పండి అన్నా, అక్కా. పెప్పర్ స్ప్రే ఇక్కడే కొనుక్కోనా?

—

స్ప్రే తేవద్దమ్మా. బ్రిటన్‌లో 1968 నాటి ఫైర్‌ఆర్మ్స్ చట్టం ప్రకారం అది నిషేధిత ఆయుధం, దగ్గరుంటేనే నేరం. అమ్మ కట్టిచ్చిన కారంపొడి కూరకైతే సరే. ఎవరి కళ్లలోనో కొడదామని బ్యాగులో వేసుకుని తిరిగితే అదీ ఆయుధం కిందికే వస్తుంది. కీచుమని మోగే పర్సనల్ అలారం పెట్టుకోవచ్చు. బ్యాగు అడుగున పడేస్తే దండగ. భుజం పట్టీకి తగిలించి, చూడకుండా పిన్ను లాగడం చేతికి అలవాటు చెయ్యి.

—

చూపు అలవాటు ఇప్పుడే కావలి బస్టాండులో మొదలుపెట్టు. లోపలికి అడుగు పెట్టగానే మూడు ఊపిరులు తీసేలోపు బయటికి పోయే రెండు దారులు, దగ్గరున్న ముగ్గురి చేతుల్లో ఏముందో చూడు. అటు తిరిగి మనసులో చెప్పుకో, మళ్లీ చూసి సరిచూసుకో. చాలామంది మొహాలు చూస్తారు. మొహం పెద్దగా ఏమీ చెప్పదు, పైగా తేరిపార చూస్తే అదే గొడవకి దారి. చేతులు చూడాలి.

రోజంతా చేస్తే బుర్ర అలిసిపోయి నాలుగో రోజుకి మానేస్తావు. తలుపు, వీధి మలుపు, బస్సు మెట్టు, ఏటీఎం, ఈ నాలుగు చోట్ల చాలు. మలుపు దగ్గర గోడకి రాసుకుంటూ తిరగొద్దు, రెండడుగులు ఎడంగా తిరుగు. ఇక్కడ డిసెంబర్‌లో సాయంత్రం నాలుగుకే చీకటి పడుతుంది, మన ట్రంకురోడ్డు మాదిరి అరిస్తే పదిమంది పరిగెత్తుకొచ్చే సందడి ఉండదు.

—

చేతుల సంగతి. రూమ్మేటుని గది అవతలి నుంచి నీ వైపు నడవమను. రెండు చేతుల దూరంలోకి రాగానే ఒక కాలు వెనక్కి, మోకాళ్లు కాస్త వదులుగా, రెండు అరచేతులు రొమ్ము ఎత్తున ముందుకి, గట్టిగా "స్టే బ్యాక్!" పిడికిలి బిగించొద్దు, తగువుకి పిలిచినట్టుంటుంది. రోజుకి పదిసార్లు. మనవాళ్లకి కాళ్లకన్నా గొంతే మొరాయిస్తుంది. నోట్లోంచి "సారీ" వచ్చేస్తుంది, అందుకే మాటని కూడా ప్రాక్టీసు చెయ్యాలి.

మణికట్టు పట్టుకుంటే వెనక్కి గుంజొద్దు, పట్టు ఇంకా బిగుస్తుంది. అవతలివాడి బొటనవేలు, మిగతా వేళ్లు కలిసే చోటే పట్టు బలహీనం. మోచేతిని ఒంటికి దగ్గరగా తెచ్చి, ఒక అడుగు వేస్తూ, ఆ సందువైపు చెయ్యి తిప్పి లాగు. ఒక్కో చేతికి పదిసార్లు, ముందు సగం బలంతో. వారం తర్వాత చెప్పకుండా పట్టుకోమను. "ఇప్పుడు పట్టుకుంటా" అని చెప్పి చేసే ప్రాక్టీసుతో రిఫ్లెక్స్ రాదు. విడిపించుకోగానే ఆగకుండా అయిదారు అడుగులు ఉరకాలి, అదీ ప్రాక్టీసులో భాగమే. అసలు లక్ష్యం పారిపోవడమే కదా!

రూమ్మేటు పైనుంచి వదిలిన స్కేలుని వేళ్లతో పట్టుకునే ఆట సరదాకి ఆడుకో. సెకనులో అయిదో వంతుకి అది సుమారు 20 సెంటీమీటర్లు జారుతుంది. వేళ్ల చురుకు తెలుస్తుంది గానీ ప్రమాదాన్ని పసిగట్టడం దాంతో రాదు.

—

ఫోను రోడ్డువైపు చేత్తో పట్టుకోవద్దు, సైకిల్ మీదొచ్చి లాక్కుపోతారు. మ్యాపు చూడాలంటే ఆగి, గోడకి వీపు ఆనించి చూసి జేబులో పెట్టేయ్. లాక్కున్నా, ఇమ్మని బెదిరించినా ఇచ్చెయ్, పెనుగులాడకు.

ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 999కి మొబైల్ నుంచి చేసి మాట్లాడలేకపోతే, అడిగినప్పుడు 55 నొక్కు. అప్పుడు పోలీసులకి కలుపుతారు. 55 నొక్కినంత మాత్రాన నువ్వెక్కడున్నావో వాళ్లకి తెలిసిపోదు. కాబట్టి ఇంటికి నడిచే దారిలో ప్రతి మలుపు దగ్గరా వీధి పేరు పైకి చదువుకుంటూ నడువు. రైల్లో ఎవరైనా ఇబ్బంది పెడితే రైల్వే పోలీసులకి 61016 నంబరుకి మెసేజ్ పెట్టొచ్చు, విమానం ఎక్కేలోపే సేవ్ చేసుకో.